కొమ్ముల ఆటకు అయిదు నిమిషాలు చాలవు

సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట వైపు పెద్ద సభ ఏది జరిగినా ముందుగా వినబడేది డోలు. మంత్రిగారి కారు ఆగుతుంది. దారికి రెండు పక్కలా కొమ్ముల తలపాగాలు కదులుతాయి. ఒకే రంగు చీరలు కట్టిన ఆడవాళ్ళు ఒకరి నడుమొకరు పట్టుకుని వరసగా అడుగు వేస్తారు. దండలు పడతాయి, ఫొటోలు తీస్తారు. అతిథులు వేదిక ఎక్కగానే డోళ్ళు ఆపమని ఎవరో చెయ్యి ఊపుతారు. మర్నాడు జిల్లా పేజీలో కొమ్ముల ఫొటో పడుతుంది, కింద ‘సంప్రదాయ నృత్యంతో ఘన స్వాగతం’ అని రాస్తారు. ఆడినవాళ్ళ పేర్లు అందులో ఉండవు. ఏ ఊరి నుంచి వచ్చారో కూడా ఉండదు.

ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామందికి కోయ ఆదివాసీల కొమ్ము కోయ ఆట గురించి తెలిసింది ఇంతే. అది ఆటలో మొదటి అంకం కూడా కాదు. డోలు ఇంకా వేడెక్కదు, పాట ఇంకా పల్లవి దాటదు, అంతలోనే ఆపేస్తాం. స్వాగత తోరణంలా వాడుకుంటున్న ఈ కళకు తనదైన నిర్మాణం ఉంది, తనదైన వాద్యశాస్త్రం ఉంది, దాని వెనక ఒక జాతి చరిత్ర మొత్తం ఉంది. రాబోయే పండుగల కాలంలో మన సభామందిరాలూ బడి మైదానాలూ ఈ ఆటకు ఒక పూర్తి సాయంత్రం ఇవ్వాలని అడగడానికే ఈ వ్యాసం. అలా అడగాలంటే ముందు ఆ ఆటలో ఏముందో చూడటం తెలియాలి.

గీతలు మారిన నేల

సత్తుపల్లి మైదానానికీ అడవికీ నడుమ గడప లాంటి ఊరు. పడమరకు పోతే కల్లూరు, తల్లాడ మీదుగా ఖమ్మం. దక్షిణాన కొద్ది దూరంలోనే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. తూర్పుకీ ఉత్తరానికీ నడిస్తే దమ్మపేట, అశ్వారావుపేట, ములకలపల్లి; అక్కడి నుంచి కోయ గూడేలు, కొండరెడ్ల ఊళ్ళు మొదలవుతాయి. ఊరి పక్కనే జలగం వెంగళరావు పేరు పెట్టిన ఓపెన్‌కాస్టు గని ఉంది. భద్రాచలం రోడ్డు స్టేషను నుంచి వేసిన రైలు మార్గం మీద 2022 నుంచి బొగ్గు కదులుతోంది. ఒకప్పుడు పోడు సాగిన చోట్ల ఇప్పుడు పామాయిల్ తోటలు బారులు తీరాయి.

ఈ నేల మీద పాలకులు గీసిన గీతలు చాలాసార్లు మారాయి. వరంగల్ నుంచి విడిపోయి 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం ప్రాంతం 1959లో వచ్చి కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది; దమ్మపేట, అశ్వారావుపేట అటు పోయాయి, సత్తుపల్లి ఖమ్మంలోనే నిలిచింది. ఈ గీతల్లో ఒక్కదాన్నీ కొమ్ముల ఆట లెక్కచేయలేదు. ఇటు మణుగూరు, అటు చింతూరు, ఇంకా పైకి పోతే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, ఒడిశాలోని మల్కనగిరి. రాష్ట్రాలు నాలుగైనా ఆట ఒక్కటే. చుట్టపు ఊళ్ళ మధ్య పిల్లనిచ్చి పుచ్చుకునేటప్పుడు డోలు కూడా వెంట నడిచి వెళ్ళింది.

తల మీద అడవిదున్న

ముందుగా అందరి కళ్ళూ పడేది కొమ్ముల మీదే. పుస్తకాల్లో పెర్మకోక్ ఆట అని రాసేది ఈ ఆటనే. తలకు బిగించిన పాగా, దానికి రెండు వైపులా అడవిదున్న కొమ్ములు, నడుమ నెమలి ఈకల కుచ్చు, అంచుల్లో గవ్వలో పూసలో రంగు గుడ్డలో. బస్తర్‌లో ఇదే తీరు కొమ్ములు ధరించే మారియా గోండుల గురించి బ్రిటిష్ అధికారి గ్రిగ్సన్ 1938లోనే పుస్తకం రాశాడు. వాళ్ళను మిగతా మారియాల నుంచి విడిగా గుర్తించడానికి ఆ కొమ్ముల పేరునే వాడాడు. గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథానికి పెట్టిన పేరులోనూ అడవిదున్నల కొండలే ఉన్నాయి. ఈ కొండలకూ ఆ జంతువుకూ ఉన్న బంధం అంత గట్టిది.

అడవిదున్న బతుకు కొంచెం తెలిస్తే ఆట ఇంకా బాగా అర్థమవుతుంది. మగది వెయ్యి కిలోల దాకా తూగుతుంది. ఆడదానికీ మగదానికీ కొమ్ములుంటాయి. మందను నడిపేది సాధారణంగా వయసు మళ్ళిన ఆవు. రెండు మగ దున్నలు ఎదురైతే చాలాసార్లు కొట్లాట దాకా పోవు. పక్కకు తిరిగి నిలబడి, వీపు పైకెత్తి ఒంటి భారీతనం చూపిస్తాయి, చిన్నది తప్పుకుంటుంది. కొమ్ములు ధరించిన ఇద్దరు ఆటగాళ్ళు ఎదురెదురుగా వచ్చి, తల వంచి, కొమ్ము కొమ్ముకు తగిలించి, మళ్ళీ పక్కకు తిరిగి అడుగు వేసే తీరు చూడండి. అడవిలో ఆ జంతువును తరతరాలుగా దగ్గరి నుంచి గమనించినవాళ్ళు కూర్చిన కదలిక అది. ఆ పోరులో గెలుపోటములు ఉండవు. ఢీకొన్న ఇద్దరూ తిరిగి ఒకే వరసలో కలుస్తారు.

తలపాగా బరువును మోయడమే ఒక విద్య. కొమ్ములు రెండు పక్కలకీ చాచుకుని ఉంటాయి కాబట్టి తల ఏమాత్రం అదుపు తప్పినా బరువంతా ఒక పక్కకు లాగుతుంది. అందుకే అనుభవం ఉన్న ఆటగాడి మెడ నిటారుగా ఉంటుంది. వంగేటప్పుడు నడుము నుంచి వంగుతాడు, మెడ నుంచి కాదు. కొత్తగా నేర్చుకునే కుర్రాణ్ణి గుర్తుపట్టడం తేలిక. అతని చెయ్యి మాటిమాటికీ పాగా సర్దుకోవడానికి పైకి పోతుంటుంది.

అసలు కొమ్ములు ఇప్పుడు అరుదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిదున్నను మొదటి షెడ్యూలులో చేర్చింది, వేట నేరం. అది అవసరమైన చట్టమే. కిన్నెరసాని అభయారణ్యంలో, పాపికొండల్లో ఆ జంతువు ఇంకా మిగిలి ఉండటానికి అలాంటి రక్షణే ఆధారం. తాతల నాటి కొమ్ములున్న ఇళ్ళు వాటిని ప్రాణంగా దాచుకుంటున్నాయి. లేనివాళ్ళు పెంపుడు పశువుల కొమ్ములతోనో కొయ్యతో చెక్కినవాటితోనో ఆడుతున్నారు. ఆట విలువ దీనివల్ల ఇసుమంతైనా తగ్గదు. ప్రాణం ఉన్నది కొమ్ములో కాదు, దాన్ని మోసే కదలికలో.

నిప్పు సెగకు పలికే డోలు

కొమ్ములు ధరించినవాడే డోలు వాయిస్తాడు, వాయిస్తూనే ఆడతాడు. ఈ ఆటలోని అసలు కష్టం ఇక్కడుంది. డోలు గుల్ల దుంగను తొలిచి చేసింది. రెండు మూతులకూ తోలు మూసి, తాళ్ళతో బిగిస్తారు. మెడకో భుజానికో పట్టీ వేసి పొట్టకు అడ్డంగా వేలాడదీస్తారు. ఒక వైపు పుల్ల, రెండో వైపు అరచెయ్యి. పుల్ల దెబ్బ తెగినట్టు వినబడుతుంది, అరచేతి దెబ్బ లోపలి నుంచి మోగుతుంది. ఈ రెండు గొంతుల మాటామంతీయే మొత్తం ఆటకు కాలం కొలిచిపెడుతుంది.

తల మీద ఒక బరువు, పొట్ట ముందు ఇంకో బరువు. రెండూ ఉన్నవాడు గాలిలోకి ఎగరలేడు. అందుకే ఈ ఆటలో గెంతులు తక్కువ, మోకాళ్ళు మడిచి నేలకు దగ్గరగా వేసే అడుగులు ఎక్కువ. మడమ నేలను గట్టిగా తాకుతుంది, ఆ అదురు నడుము గుండా డోలుకు చేరుతుంది. డోలు ఒక పక్కకు ఊగితే ఒళ్ళు రెండో పక్కకు వాలి సమం చేస్తుంది. పది మంది ఒకేసారి అలా వాలి లేచినప్పుడు చూసేవాళ్ళకు మంద కదిలినట్టే ఉంటుంది. ఒక్కొక్కరి ప్రతిభను వేరుగా చూపించడం ఈ ఆట ఉద్దేశం కాదు. పది మంది ఒకే శరీరంగా కదలడం దీని ఉద్దేశం, అందులోనే దీని అందం.

ఆటకు ముందు డోళ్ళను మంట దగ్గర పెట్టి తోలు వేడి చేస్తారు. చెమ్మ పట్టిన తోలు వదులై గొంతు బొంగురుపోతుంది, సెగ తగిలితే బిగుసుకుని పలుకుతుంది. ఏ మూతి ఎంత కాగాలో చెప్పేది చెవి. వేలితో తట్టి, విని, తిప్పి, మళ్ళీ తట్టి చూస్తారు. ఇదంతా చూడదగ్గ పని. సభల్లో మాత్రం ఇది ఎవరికీ కనబడదు. కళాకారుల్ని వేదిక వెనక నిలబెట్టి, మంట పెట్టొద్దని చెప్పి, చల్లారిన డోళ్ళతో లోపలికి పిలుస్తాం. తరవాత మైకు ముందు పెట్టి శబ్దం పెంచుతాం. మైకు పుల్ల దెబ్బను పట్టుకుంటుంది గాని అరచేతి మోతను మింగేస్తుంది. రెండు గొంతుల్లో ఒకటే మిగులుతుంది.

రేలా వరస

ఫొటోల్లో కొమ్ములు ముందుంటాయి, ఆడవాళ్ళు వెనక ఎక్కడో మసకగా కనబడతారు. ఆటలో వాళ్ళ స్థానం అది కాదు. పాట వాళ్ళది. ఒకరి నడుము మీదుగానో భుజం మీదుగానో చెయ్యి వేసి వరస కడతారు. ఆ వరస వంగి అర్ధచంద్రమవుతుంది, స్థలం ఉంటే గుండ్రంగా మూసుకుంటుంది. చేతులు కట్టుబడి ఉన్నాయి కాబట్టి అభినయమంతా పాదాల్లో, నడుములో, వరస మొత్తం ఊగే తీరులో ఉంటుంది. ఒకరి అడుగు తప్పితే పక్కనున్న ఇద్దరికీ వెంటనే తెలుస్తుంది, వాళ్ళ చేతుల ఆసరాతోనే ఆమె మళ్ళీ లయలో పడుతుంది. కొత్త పిల్లను ఇద్దరు అనుభవజ్ఞుల మధ్య నిలబెడితే చాలు, ఆమె శరీరమే నేర్చేసుకుంటుంది. ఇంతకంటే మంచి నాట్య పాఠశాల ఏముంటుంది?

రేలా అనే ఈ వరస పాటలో ఒకరో ఇద్దరో ఎత్తుకుంటారు, మిగిలినవాళ్ళు అందుకుంటారు. ఎత్తుకున్నవాళ్ళు మాట మారుస్తుంటారు. ఎదురుగా ఉన్న వాగు, వచ్చిన చుట్టం, ఈ ఏడు పడిన వాన, పెళ్ళికూతురి ఊరు, అన్నీ అప్పటికప్పుడు పాటలోకి వస్తాయి. పల్లవి మాత్రం స్థిరంగా తిరిగి వస్తూ అందర్నీ కలిపి ఉంచుతుంది. మార్పుకూ నిలకడకూ మధ్య ఈ ఒప్పందం వల్లనే రేలా తెల్లవార్లూ సాగగలదు. గొంతులు పంచుకోవడం వల్ల ఊపిరి అలసిపోదు, అడుగు చిన్నది కావడం వల్ల కాళ్ళు అలసిపోవు. మల్కనగిరి, బస్తర్ వైపు ఆడవాళ్ళు గజ్జెలు కట్టిన కర్రలతో నేలను మోదుతూ కూడా ఆడతారు. అక్కడ నేలే మరో వాద్యం.

ఆట నడిచే తీరు కూడా గమనించదగ్గది. డోళ్ళు మొదట నింపాదిగా మొదలవుతాయి. ఆడవాళ్ళ వరస ఆ లయలో కుదురుకుంటుంది. తరవాత మగవాళ్ళు చుట్టూ తిరుగుతూ వేగం పెంచుతారు, కొమ్ములతో ఎదురుపడతారు, నేలను చిమ్ముతున్నట్టు వంగుతారు, విడిపోతారు, మళ్ళీ కలుస్తారు. వేగం పెరిగేకొద్దీ ఆడవాళ్ళ వరస ఇంకా దగ్గరవుతుంది. మగవాళ్ళ పక్క ఎంత అలజడి ఉన్నా కాలం తప్పకుండా కాపాడేది ఆ వరసే. అడవిలో మందను నడిపేది ముసలి ఆవని ఇంతకుముందు చెప్పుకున్నాం. ఆ సంగతిని మనసులో పెట్టుకుని ఈ వరసను చూస్తే కొమ్ములు లేని ఆ ఆడవాళ్ళే ఆటకు వెన్నెముక అని తెలుస్తుంది.

డోలీలు దాచిన చరిత్ర

ఆటకు తోడుగా నడిచేది కథ. ప్రభుత్వపు షెడ్యూల్డు తెగల జాబితా తీస్తే కోయ అన్న మాట పక్కనే డోలి కోయ అని కనబడుతుంది. డోలు పట్టుకుని వంశాల చరిత్ర చెప్పేవాళ్ళు వీళ్ళు. కోయలు మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అంటూ గట్లుగా ఉంటారు. ఏ గట్టుకు ఏ వేల్పు, ఎవరితో పెళ్ళి సంబంధం కుదురుతుంది, ఎవరు వరసకు అన్నదమ్ములు అన్నది వీటిని బట్టే తేలుతుంది. వేల్పుల కథలు, పూర్వీకుల ప్రయాణాలు బొమ్మలుగా ఉన్న త్రికోణపు గుడ్డ పటాలే పడిగెలు. వేల్పుల కొలుపు నాడు పడిగె విప్పి, బొమ్మ తరవాత బొమ్మ చూపిస్తూ డోలీ కథ నడుపుతాడు.

ఈ పరంపరలో మన కళ్ళ ముందు బతికిన పెద్ద మనిషి సకిని రామచంద్రయ్య. మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మ కథనూ కోయ వీరుల చరిత్రలనూ కోయ భాషలోనూ తెలుగులోనూ చెప్పేవారు. చదువు లేకపోయినా గ్రంథాలకు గ్రంథాలు ఆయన నోట్లో ఉండేవి. 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా ఆయన పేరు విన్నది.  2024 జూన్‌లో రామచంద్రయ్య కన్నుమూశారు. అచ్చులో ఉన్న పుస్తకం ఒక ప్రతి పోయినా ఇంకో ప్రతి ఉంటుంది. ఇలాంటి మనిషి పోయినప్పుడు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎంత నేర్చుకుంటే అంతే మిగులుతుంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి ఆదివాసీ, జానపద వాద్యాలనూ పడిగెలనూ సేకరించి భద్రపరచడం ఎంత పెద్ద సేవో ఇలాంటప్పుడే తెలుస్తుంది. కానీ భద్రపరిచిన డోలు మోగాలంటే వాయించే చేతులు ఊళ్ళో ఉండాలి.

ఎప్పుడు, ఎక్కడ

ఈ ఆటను దాని కాలంలో చూడటం మేలు. ఎండాకాలంలో, విత్తనాలు నేలలో పడకముందు వచ్చేది భూమి పండుగ, కోయ మాటలో విజ్జ పండుం. శబరి లోయలో ఆ రోజుల్లో మగవాళ్ళు అడవికి పోతే, ఆడవాళ్ళు దారికడ్డంగా నిలబడి పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ళ దగ్గర కానుకలు అడుగుతారు. కారు ఆపినందుకు విసుక్కోకుండా దిగి పాట వినండి, అది మీకు దొరికిన భాగ్యం. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో ఆ రోజున ఆదివాసీ జనాభాలపై ఐక్యరాజ్యసమితి కార్యవర్గం తొలిసారి సమావేశమైంది. ఆ నాడు భద్రాచలంలోనూ ఏజెన్సీ మండలాల్లోనూ కొమ్ముల బృందాలు వీధుల్లోకి వస్తాయి. పంట చేతికొచ్చాక కొత్తల పండుగ. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి మేడారం సమ్మక్క సారలమ్మ జాతర. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. వీటి నడుమ పెళ్ళిళ్ళు, కొలుపులు.

అన్నీ బయటివాళ్ళ కోసం కావు. వేల్పు ముందు జరిగే క్రతువులో కొన్ని భాగాలు ఆ గట్టువాళ్ళకే చెందుతాయి. వాటిని వేదిక ఎక్కించమని అడగకూడదు, ఫోను కెమెరా తీయకూడదు. ఏది చూపవచ్చో ఏది చూపకూడదో చెప్పాల్సింది ఆ ఊరి పెద్దలు, పూజారులు. వాళ్ళ మాట దాటి చేసే ప్రదర్శన ఎంత పెద్ద మందిరంలో జరిగినా దోపిడీయే అవుతుంది.

ఒక పూర్తి సాయంత్రం

ఖమ్మంలో భక్త రామదాసు కళాక్షేత్రం ఉంది. సత్తుపల్లిలో బడి మైదానాలున్నాయి, పెళ్ళి మండపాలున్నాయి. భద్రాచలం ఐటీడీఏలో గిరిజన మ్యూజియం ఉంది. పద్య నాటకానికి రాత్రంతా ఇచ్చిన సంస్కృతి మనది. సురభి నాటకాలకు మూడు గంటలు కదలకుండా కూర్చున్నాం. అదే శ్రద్ధ కొమ్ముల ఆటకు ఇవ్వడానికి కావలసింది కొత్త భవనం కాదు, కొంచెం ఆలోచన.

ఆటను ఎత్తయిన వేదిక మీద కాక నేల మీద పెట్టండి, ప్రేక్షకుల్ని చుట్టూ కూర్చోబెట్టండి. ఆడవాళ్ళ వరస చెక్క వేదిక మీద సరళరేఖగా మారిపోతుంది, అర్ధచంద్రం కావాలంటే స్థలం ఉండాలి. సాయంత్రం డోళ్ళు కాచడంతో కార్యక్రమం మొదలుపెట్టండి. పిల్లలు చుట్టూ చేరి ఆ మారే శబ్దం వింటారు. తరవాత ఒక డోలీతో పడిగె కథ చెప్పించండి, కోయ భాషలోనే. ఒక్కొక్క ఘట్టం తరవాత తెలుగులో సారాంశం చెప్పే కోయ యువకుడో యువతో పక్కన ఉంటే చాలు. ఆ తరవాత రేలా, దాని మీద కొమ్ములు. చివర చూసేవాళ్ళను వరసలోకి పిలవండి. మైకులు కథకు మాత్రమే ఉంచి, డోళ్ళకు తీసేయండి. బృందం పేరు, ఊరి పేరు, ఒక్కొక్కరి పేరు కరపత్రంలో అచ్చు వేయండి. ఒక రోజు ఆటకు వస్తే వాళ్ళకు ఒక రోజు కూలి పోతుంది, డోళ్ళకూ మనుషులకూ బండి కట్టాలి. ఈ రెండూ లెక్కవేసి, ఆపైన కళకు ఇవ్వాల్సిన పారితోషికం ఇవ్వండి. శాలువా దానికి బదులు కాదు.

ఇలా శ్రద్ధ పెడితే ఏమవుతుందో ఉత్తర తెలంగాణ చూపించింది. మార్లవాయికి చెందిన కనకరాజు గోండుల గుస్సాడీ నృత్యాన్ని ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్ళారు, ఊళ్ళో కుర్రాళ్ళకు ఓపికగా నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన వెళ్ళిపోయినా ఆ అడుగు తెలిసినవాళ్ళు మిగిలారు. కొమ్ము కోయ ఆటకూ అలాంటి గురువులు మన గూడేల్లో ఉన్నారు. వాళ్ళను బడికి పిలిచి వారానికో గంట పిల్లలకు డోలు నేర్పమని అడగవచ్చు. ఆశ్రమ పాఠశాలల్లో చదువుకునే కోయ పిల్లలు తమ తాత విద్య చదువు లెక్కలోకి రాదనుకుని పెరుగుతున్నారు. దానికి మార్కులో ధ్రువపత్రమో దక్కిన రోజున ఆ పిల్లల నడకే మారుతుంది. కోయ భాషలో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తయారు చేసుకున్న రాష్ట్రాలు మనవి; పాటకూ డోలుకూ ఆ వాచకాల పక్కన చోటు పెట్టడం కష్టమేమీ కాదు.

ఈ కళ విలువ ఏమిటని ఎవరైనా అడిగితే నా జవాబు సూటిగా ఉంటుంది. ఇందులో ఎవరూ ఒంటరిగా గొప్పవాళ్ళు కారు, ఎవరూ చిన్నవాళ్ళు కారు. తప్పిన అడుగును పక్కవాళ్ళ చెయ్యి సరిదిద్దుతుంది. ఢీకొన్నవాళ్ళు ఒకే వరసలోకి తిరిగి వస్తారు. మంత్రి రాకతో మొదలై మంత్రి వేదికెక్కడంతో ముగిసే స్వాగతంలో ఇవేవీ కనబడవు. కాబట్టి రాబోయే ఉత్సవాల పట్టిక రాసేటప్పుడు సత్తుపల్లి నిర్వాహకులు కొమ్ము కోయ బృందం పేరు స్వాగత కార్యక్రమంలో కాక ప్రధాన కార్యక్రమంగా, చివరి గంటలో, సమయ పరిమితి లేకుండా రాయాలి. ఆ రాత్రి మంత్రిగారు కూడా నేల మీద కూర్చుని చూస్తే ఇంకా మంచిది.